విప్పకుండా లోపల చూడాలంటే: న్యూట్రాన్లా, ఎక్స్‌రేనా, అల్ట్రాసౌండా?

పాత పెంబర్తి ఇత్తడి తొడుగు కింద చెక్క ఇంకా గట్టిగా ఉందా, పుచ్చిపోయిందా? జైనూరు వైపు ఓజా కళాకారులు పోత పోసిన డోక్రా ఏనుగు కడుపులో మట్టి ఉందా, ఖాళీయా? ముత్తాత కట్టుకున్న రాగి తాయెత్తులో ఉన్నది ఆకా, రేకా? పంపు కేసింగ్‌లో బ్లోహోల్ (పోతలో గాలి చిక్కి పడిన గుల్ల) ఉందా? ఎవరి ప్రశ్న వాళ్లది, షరతు మాత్రం అందరిదీ ఒకటే. వస్తువును కోయకూడదు, విప్పకూడదు, గీత కూడా పడకూడదు.

హనుమకొండ, వరంగల్ ప్రాంతంలో ఎన్‌డీటీ (వస్తువు చెడకుండా లోపలి లోపాలు చూసే పరీక్షలు) పని చేసేవాళ్లను ఈ మధ్య చాలామంది న్యూట్రాన్ ఇమేజింగ్ గురించి అడుగుతున్నారు. విగ్రహాల లోపలి భాగాలు స్పష్టంగా కనిపించే విదేశీ చిత్రాలు ఫోన్లలో తిరుగుతున్నాయి కదా, వాటిని చూసి అడుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అడిగినవాళ్లలో ఎక్కువ మందికి న్యూట్రాన్లు అక్కర్లేదు. హైదరాబాద్‌లో, కొన్నిసార్లు ఊళ్లోనే, పని అయిపోతుంది. కానీ కొన్ని వస్తువులకు న్యూట్రాన్లు తప్ప గతి లేదు. అలాంటి వస్తువును ఎక్స్‌రేకు పెట్టి, "ఏమీ కనిపించలేదు, కాబట్టి లోపల ఏమీ లేదు" అని తేల్చేయడం చాలా నష్టం. మీ వస్తువు ఏ కోవలోకి వస్తుందో చూసుకోవడానికి ఇది రాస్తున్నాను.

దేనిలో ఏది దాగి ఉంది?

ఏ మెషీన్ గొప్పది, ఎంత రిజల్యూషన్ అని మొదలుపెట్టకండి. పైన కప్పిన పదార్థం ఏమిటి, లోపల మీరు వెతుకుతున్న పదార్థం ఏమిటి, ఈ రెండూ ఒక కాగితం మీద రాసుకోండి. ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

ఎక్స్‌రే పరమాణువులోని ఎలక్ట్రాన్లతో తగులుకుంటుంది. బరువైన మూలకంలో ఎలక్ట్రాన్లు ఎక్కువ, కాబట్టి సీసం, బంగారం లాంటివి ఎక్స్‌రేను గట్టిగా ఆపేస్తాయి. నూనె, మైనం, బట్ట, ఆకు, నీళ్లు దానికి దాదాపు లేనట్టే. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. అది ఎలక్ట్రాన్లను పట్టించుకోకుండా నేరుగా కేంద్రకంతో తగులుకుంటుంది. ఏ కేంద్రకం దాన్ని ఎంత ఆపుతుందనేది బరువును బట్టి వరసగా ఉండదు. అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్ దాన్ని విపరీతంగా చెదరగొడుతుంది. బరువైన సీసం చాలావరకు వదిలేస్తుంది.

కొన్ని అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఇమేజింగ్‌లో ఎక్కువగా వాడే థర్మల్ (వేగం తగ్గించిన) న్యూట్రాన్ల పుంజాన్ని సగానికి తగ్గించాలంటే అల్యూమినియం సుమారు 7 సెంటీమీటర్లు కావాలి. సీసమైతే దాదాపు 18 మిల్లీమీటర్లు, రాగి, ఇనుము 6, 7 మిల్లీమీటర్లు. నీళ్లు మాత్రం 2 మిల్లీమీటర్లు చాలు. అంటే పలచటి నీటి పొర ఆపేంత న్యూట్రాన్లను ఆపాలంటే దాదాపు రెండు సెంటీమీటర్ల సీసం పెట్టాలి. సీసపు పెట్టెలో తడి బట్ట ఉందనుకోండి, ఎక్స్‌రేకు పెట్టె కనిపిస్తుంది, న్యూట్రాన్‌కు బట్ట కనిపిస్తుంది.

ఈ లెక్కకు లొంగని మూలకాలు కొన్ని ఉన్నాయి. బోరాన్, కాడ్మియం, గడోలీనియం అతి పలచగా ఉన్నా న్యూట్రాన్లను మింగేస్తాయి. లిథియం కూడా బాగా పీల్చుకుంటుంది, అందుకే బ్యాటరీల మీద పనిచేసేవాళ్లు దీన్ని ఇష్టపడతారు. వెండి, బంగారం కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లకే పుంజాన్ని సగం చేసేస్తాయి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పెట్టె తెచ్చి న్యూట్రాన్లు పెడదామంటే నేను వద్దంటాను. సన్నటి తీగ, బయటికే కనిపించే టంకం. దానికి మంచి మైక్రోస్కోపు, కావాలంటే మైక్రో సీటీ (చిన్న వస్తువుల లోపలిని అతి సన్నగా చూపే ఎక్స్‌రే సీటీ స్కాన్) సరిపోతాయి.

బొమ్మ ఎలా వస్తుంది

రాంట్‌జెన్ ఎక్స్‌రేను 1895లో కనిపెట్టాడు. న్యూట్రాన్‌ను చాడ్విక్ 1932లో కనిపెట్టాడు. ఆ దశాబ్దం ముగిసేలోపే బెర్లిన్‌లో న్యూట్రాన్లతో బొమ్మ తీసే ప్రయత్నాలు మొదలయ్యాయి. అయినా ఎక్స్‌రే ప్రతి ఊరి ఆస్పత్రికీ వచ్చింది, న్యూట్రాన్ మాత్రం రాలేదు. కారణం ఒక్కటే. ఎక్స్‌రేకు ఒక ట్యూబు, కరెంటు చాలు. మంచి న్యూట్రాన్ పుంజానికి పరిశోధన రియాక్టరో, పెద్ద యాక్సిలరేటరో కావాలి. తనంతట తానే న్యూట్రాన్లు వెదజల్లే కాలిఫోర్నియం లాంటి చిన్న సోర్సులు, చిన్న జనరేటర్లు ఉన్నాయి గానీ వాటి పుంజం బలహీనం. సన్నటి వివరాలు చూడాల్సిన పనికి వాటి మీద ఆధారపడలేం.

రియాక్టర్ గోడలోంచి కొలిమేటర్ అనే పొడవాటి గొట్టం గుండా పుంజం బయటికొస్తుంది. దాని ముందు తిరిగే బల్ల, బల్ల మీద మీ వస్తువు. వస్తువును ఆనుకునేంత దగ్గరగా వెనకాల సింటిలేటర్ తెర. దాని మీద లిథియం ఫ్లోరైడ్, జింక్ సల్ఫైడ్ కలిపిన పూత ఉంటుంది. న్యూట్రాన్ తగిలిన చోట తెర మినుక్కుమంటుంది. ఆ వెలుగును వాలుగా పెట్టిన అద్దం పక్కకు మళ్లిస్తే కెమెరా ఫొటో తీసుకుంటుంది. కెమెరాను నేరుగా పుంజానికి ఎదురుగా పెడితే పాడైపోతుంది, అందుకే ఈ అద్దం ఏర్పాటు. వస్తువును కొంచెం కొంచెం తిప్పుతూ కొన్ని వందల ఫొటోలు తీస్తే కంప్యూటర్ వాటినుంచి లోపలి త్రీడీ రూపం కడుతుంది. అదే న్యూట్రాన్ సీటీ. బలమైన పుంజం దగ్గర ఒక్కో ఫొటోకు కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాలు, మొత్తం సీటీకి గంటలు పడుతుంది.

వస్తువు తెరకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. దీపం వెలుగులో చెయ్యి గోడకు దగ్గరగా పెడితే నీడ అంచు స్పష్టంగా, దూరం జరిపితే మసగ్గా వస్తుంది కదా, ఇక్కడా అంతే. చేతులు చాచిన విగ్రహం, పెద్ద పళ్లెం లాంటివి తెరకు ఆనవు, అందువల్ల సన్నటి వివరాలు పోతాయి. మామూలుగా న్యూట్రాన్ బొమ్మల్లో 50 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వివరం వస్తుంది. మైక్రో సీటీ ఎక్స్‌రే అంతకంటే చాలా సన్నగా చూపిస్తుంది. కాబట్టి "వెంట్రుక కంటే సన్నని పగులు కావాలి" అంటే న్యూట్రాన్ల వైపు పరుగెత్తకండి.

న్యూట్రాన్లే దిక్కయిన చోటు

ఉత్తర తెలంగాణలో న్యూట్రాన్లకు సరిగ్గా సరిపోయే వస్తువు ఏదని అడిగితే నేను మొదట చెప్పేది సీసపు నాణేల ముద్ద. పెద్దబంకూరు, కోటిలింగాల, ధూళికట్ట తవ్వకాలు మన ప్రాంతపు శాతవాహన చరిత్రను మార్చేశాయి. శాతవాహనులు సీసంతోనూ, పోటిన్ అనే మిశ్రమ లోహంతోనూ నాణేలు విరివిగా వేయించారు. అలాంటి నాణేలు ఒక కుండలో వందల ఏళ్లు మట్టిలో ఉంటే తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుని గట్టి ముద్ద అవుతాయి. విడదీస్తే అంచులు విరుగుతాయి. రసాయనంలో వేస్తే మీదున్న ముద్రలు పోయే ప్రమాదం.

అరచేతి వెడల్పున్న సీసపు ముద్దను మామూలు ఇండస్ట్రియల్ ఎక్స్‌రేకు పెడితే నల్లటి నీడ తప్ప ఏమీ రాదు. న్యూట్రాన్లైతే 5 సెంటీమీటర్ల సీసం గుండా కూడా ఏడో వంతు దాకా అవతలికి వస్తాయి. బొమ్మకు అది సరిపోతుంది. దీనికి మించిన సంగతి ఇంకొకటి ఉంది. సీసం మీద పట్టే తుప్పులో హైడ్రోజన్ కూడా ఉండొచ్చు, అలాంటి తుప్పు న్యూట్రాన్లను బాగా ఆపుతుంది. అంటే నాణెం పారదర్శకంగా, నాణేల మధ్య తుప్పు పొర స్పష్టంగా వస్తుంది. కంప్యూటర్‌లో ఆ పొరల వెంబడి నాణేలను ఒక్కొక్కటిగా విడదీయవచ్చు. ఎన్ని ఉన్నాయి, ఎంత మందం, తుప్పు మరీ లోపలికి తినకపోతే ముద్ర గీతలు కూడా తెలుస్తాయి. పైగా సీసం న్యూట్రాన్ల వల్ల రేడియోధార్మికంగా మారడం చాలా తక్కువ. ముద్ద త్వరగా తిరిగొస్తుంది. అలాంటి ముద్ద చేతికొస్తే నేను ఎక్స్‌రే దగ్గర ఒక్క రోజు కూడా వృథా చేయను. ఎవరికైనా పొలంలో దొరికితే అది ప్రభుత్వానికి అప్పగించాల్సిన వస్తువని మర్చిపోవద్దు. పంపడం, పంపకపోవడం వారసత్వ శాఖ నిర్ణయం.

లోపల గుల్లగా ఉండి, ప్రతిష్ఠ సమయంలో మూలికలో, బట్టో, చుట్టిన పత్రాలో పెట్టి మూసేసిన లోహ విగ్రహాలది కూడా ఇదే కోవ. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిబెట్ బౌద్ధ లోహ విగ్రహాలను న్యూట్రాన్లతో చూసినప్పుడు లోపల పెట్టిన వస్తువులు విగ్రహాన్ని ముట్టుకోకుండానే కనిపించాయి. లోహపు గోడ పలచగా మారిపోయి, లోపలి వృక్ష సంబంధమైనవన్నీ ముందుకు వచ్చాయి.

మన ఆలయాల ఉత్సవ విగ్రహాలను మాత్రం అలా ఊహించుకోవద్దు. మన సంప్రదాయంలో పంచలోహ విగ్రహాలు చాలావరకు ఘనంగా పోసినవే. లోపల ఏమీ పెట్టే వీలు లేదు. 5 సెంటీమీటర్ల ఘనమైన కంచు గుండా వందలో ఒక వంతు న్యూట్రాన్లు కూడా బయటికి రావు. అక్కడ ప్రశ్న మెడ దగ్గర, మణికట్టు దగ్గర పోతలో గుల్ల ఉందా, పాత అతుకు ఉందా అన్నదే. దానికి ఇరిడియం గామా సోర్సుతో రేడియోగ్రఫీ, మరీ మందమైతే కోబాల్ట్ సోర్సు, లేదా హై ఎనర్జీ ఎక్స్‌రే. ఆలయం దగ్గరే చేయించే వీలు కూడా ఉంది. లైసెన్సున్న ఏజెన్సీ వచ్చి, చుట్టూ తాడు కట్టి, జనాన్ని దూరం పంపి, రాత్రిపూట చేస్తుంది.

డోక్రా ఏనుగు, పెంబర్తి తొడుగు

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చాక ఉషేగావ్, కేస్లగూడ పాత బొమ్మల మీద సేకర్తల చూపు పడింది. అసలు, నకిలీ పంచాయితీ కూడా మొదలైంది. ఇక్కడ ఏ పద్ధతి వాడాలో తేల్చడం కొంచెం చిక్కు.

డోక్రాలో ముందు మట్టితో లోపలి కోర్ చేస్తారు. దాని మీద మైనపు తీగలు ఒకదాని పక్కన ఒకటి చుట్టి రూపం తెస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన జాగాలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. కొన్ని బొమ్మల్లో కోర్ లోపలే ఉండిపోతుంది. గోడ కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి ఇండస్ట్రియల్ సీటీ దీన్ని బాగానే దాటుతుంది. గోడ మందం ఎక్కడ ఎంత, లోహం అందని చోట ఏ గుల్ల, కోర్ ఉందా లేదా, ఇవన్నీ ఎక్స్‌రే సీటీతోనే తెలుస్తాయి. ఆసక్తి ఇంతవరకే అయితే హైదరాబాద్ దాటక్కర్లేదు.

కోర్ ఎంత కాలింది, లోపల తడి ఎంత పట్టింది, పాత మరమ్మతుల్లో ఏమేం నింపారు అన్న ప్రశ్నలు వచ్చాయంటే న్యూట్రాన్లు కావాలి. ఒక ఉదాహరణ చెప్తాను. ఏనుగు తొండం విరిగితే ఎవరో ఎంసీల్‌తో అతికి, పైన ఇత్తడి రంగు పూశారనుకోండి. కంటికి తెలియదు. ఎక్స్‌రేలో అక్కడ లోహం పలచబడినట్టు ఒక లేత మచ్చ వస్తుంది. అది పోతలో లోపమో, అతుకో చెప్పలేం. న్యూట్రాన్ బొమ్మలో అదే చోటు నల్లగా నిలబడుతుంది, ఎందుకంటే ఆ జిగురు నిండా హైడ్రోజన్. ఎంత లోపలికి పోయిందో, పిన్ను చుట్టూ ఎలా నిండిందో అంచుతో సహా కనిపిస్తుంది. అరల్డైట్, లక్క, మైనం, గుగ్గిలం అన్నీ ఇలాగే బయటపడతాయి. పాత వస్తువుల మీద ఎక్కడెక్కడ చేయి పడిందో చెప్పడంలో న్యూట్రాన్లకు సాటి లేదని నా నమ్మకం. డబ్బు పెట్టి కొనే ముందు, మ్యూజియంలో పెట్టే ముందు, ఇది చాలా పెద్ద విషయం.

పెంబర్తి పని వేరు. అది పోత పని కాదు, రేకు పని. లక్క పరుపు మీద రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బు తెస్తారు. తర్వాత దాన్ని తలుపుకో, వాహనానికో, పీఠానికో తొడుగుతారు. రేకు పలచన కాబట్టి ఎక్స్‌రేకు అడ్డే కాదు. లోపలి చెక్కలో పురుగు తొలిచిన దారులు, మేకులు ఎక్స్‌రేలో చక్కగా వస్తాయి. న్యూట్రాన్లు చెక్కనే దాటలేక చతికిలబడతాయి. చెక్క అంటేనే హైడ్రోజన్, నాలుగైదు సెంటీమీటర్లు దాటితే పుంజం ఆరిపోతుంది. రేకు వెనక లక్క ఎక్కడెక్కడ మిగిలిందో చూడాలంటే మాత్రం, తొడుగు విడిగా ఉన్నప్పుడు, న్యూట్రాన్లు పనికొస్తాయి. అంత అవసరం ఎవరికో గానీ రాదు.

నిర్మల్ బొమ్మలు, చెక్క మొహాలు, మట్టి పాత్రలు అయితే ఇంకా సులువు. లోహం లేని వస్తువుకు ఆస్పత్రిలోని సీటీ స్కాన్ కూడా సరిపోతుంది. డాక్టరుగారిని అడిగి ఖాళీ సమయంలో చేయించుకోవచ్చు. లోహం ఉంటే మాత్రం ఆస్పత్రి మెషీన్‌లో చారలు పడి బొమ్మ చెడుతుంది, పెట్టవద్దు.

రాగి తాయెత్తు

ఇళ్లలోంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి విడిగా చెప్తున్నాను. చిటికెన వేలంత గొట్టం, రెండు చివరలా లక్కతో మూసింది. లోపల మూడు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది: చుట్టిన రాగి లేదా వెండి రేకు, భూర్జపత్రమో కాగితమో, లేదంటే వేరు ముక్క, విభూతి.

రేకు ఉంటే మైక్రో సీటీ ఉత్తమం. చుట్టల మధ్య ఖాళీ, రేకు మీద గీసిన గీతల లోతు కూడా పట్టుకునే అవకాశం ఉంది. కంప్యూటర్‌లో రేకును విప్పి పరచవచ్చు. ఆకు, కాగితం, వేరు అయితే న్యూట్రాన్లు వాటి ఆకారాన్ని స్పష్టంగా ఇస్తాయి. కానీ రాత చూపిస్తాయని ఆశపడొద్దు. మసితో రాసిన అక్షరానికీ ఆకుకూ న్యూట్రాన్ల దృష్టిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంగిలీకంతో రాసి ఉంటే సంగతి వేరు. అందులోని పాదరసం ఎక్స్‌రేనూ ఆపుతుంది, న్యూట్రాన్‌నూ ఆపుతుంది. అప్పుడు దగ్గరలో దొరికే ఎక్స్‌రేనే ముందు ప్రయత్నించాలి. మొత్తం మీద తాయెత్తును మొదట మైక్రో సీటీకే పంపమంటాను. గొట్టం ఖాళీగా కనిపించినా "ఏమీ లేదు" అని తేల్చకుండా, అప్పుడు న్యూట్రాన్ల గురించి ఆలోచించండి.

ఫౌండ్రీ, బాయిలర్, రాయి, ఉక్కు

వీటికి ఎక్కువ చెప్పను. వెల్డు జాయింట్లు, బాయిలర్ ట్యూబులు, రైలు పట్టాలు: అల్ట్రాసౌండ్, గామా రేడియోగ్రఫీ. రామగుండంలోనైనా, కాజీపేటలోనైనా రోజూ జరిగే పనే ఇది. పగులు పడుకున్న తీరు శబ్దానికి ఎదురుగా ఉంటే అల్ట్రాసౌండ్‌ను మించింది లేదు. పైగా రేడియేషన్ టెన్షన్ లేదు. పోత ఇనుములో గ్రాఫైట్ వల్ల శబ్దం చెదిరిపోతుంది, అక్కడ రేడియోగ్రఫీ నయం. పైకి తెరుచుకున్న పగులైతే, రంగు ద్రవం పూసి పగులు బయటపెట్టే డీపీ టెస్ట్ చాలు.

ఫ్యాక్టరీ వస్తువుల్లో న్యూట్రాన్లకు నిజమైన చోటు లోహం లోపల రబ్బరు, జిగురు, నూనె, మందుగుండు ఉన్నప్పుడే. రాకెట్లలో దశలను విడగొట్టే పైరో పరికరాల్లో మందు పూర్తిగా నిండిందా, మధ్యలో సందు ఉందా చూడటానికి చెన్నై దగ్గరి కల్పాక్కంలో ఉన్న కామిని రియాక్టర్‌ను మన అంతరిక్ష కార్యక్రమం వాడుకుంటోంది. అల్యూమినియం తేనెపట్టు ప్యానెళ్లలో నీరు చేరిందా, జిగురు అన్నిచోట్లా పట్టిందా అన్న ప్రశ్నలూ అలాంటివే.

కాకతీయుల రాతి స్తంభాలు, శిల్పాలు అయితే న్యూట్రాన్లను పూర్తిగా మరిచిపోండి. అంత మందం దాటవు. రాయి లోపలి పగుళ్లకు అల్ట్రాసోనిక్ వేగం కొలవడం, పునాదులకు గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్. రామప్ప శిఖరంలో వాడిన తేలికపాటి ఇటుక లాంటిదైతే న్యూట్రాన్లకు చాలా మంచి సబ్జెక్టు. అనుమతితో దొరికిన చిన్న ముక్కలోకి నీరు ఏ దారిలో, ఎంత వేగంగా పాకుతుందో నిమిష నిమిషానికి చూడవచ్చు. వానకు తట్టుకునే పూత ఏది వేయాలో తేల్చడానికి అలాంటి చిత్రం నాకు చాలా విలువైనది.

కోనసముద్రం లాంటి ఊళ్లలో మూసలో కరిగించి తీసిన పాతకాలపు మూస ఉక్కు మీద పనిచేసేవాళ్లకు ఒక మాట. కత్తి లోపల గుల్లలు, చిట్టెం చూడాలంటే ఇమేజింగ్ చాలు. ఉక్కులో ఏ దశ ఎంత ఉంది, ఎలా సాగగొట్టారు అనేది కావాలంటే న్యూట్రాన్ డిఫ్రాక్షన్ (న్యూట్రాన్లు చెదిరే కోణాలను బట్టి లోహంలోని పరమాణువుల అమరికను చెప్పే పద్ధతి) అడగాలి. ఇంగ్లండ్‌లోని ఐసిస్ న్యూట్రాన్ కేంద్రంలో భారతీయ కత్తులను ముక్క కోయకుండా అలా పరీక్షించారు. రెండిటికీ దరఖాస్తు చేసే పరికరం వేరు.

మొక్కల వేళ్లు

వ్యవసాయ పరిశోధన చేసే పిల్లలకు ఇది తెలియాలి. మట్టిలో వేరు నీళ్లు ఎలా తాగుతుందో, వేరును పీకకుండా చూడగల పద్ధతుల్లో న్యూట్రాన్ ఇమేజింగ్ ముందు వరసలో ఉంది. లోపల సెంటీమీటరు మందాన మట్టి పట్టే అల్యూమినియం పెట్టెలో మొక్క పెంచి పుంజం ముందు పెడతారు. అల్యూమినియం కనిపించదు, ఇసుక మసగ్గా ఉంటుంది, నీళ్లు నిండిన వేరు ముదురుగా వస్తుంది. ఒక వైపు భారజలం (మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) పోస్తే, అది మామూలు నీళ్ల కంటే న్యూట్రాన్లను బాగా తక్కువ ఆపుతుంది కాబట్టి, ఏ వేరు ఎప్పుడు దాన్ని లాక్కుందో తేడా కనిపిస్తుంది. మిర్చి, పత్తి మీద చేయాలనుకుంటే చెల్క నేలతో మొదలుపెట్టండి. నల్లరేగడిలో బంకమట్టి పట్టుకున్న నీరే ఎక్కువ కాబట్టి వేరు ఆ మసకలో కలిసిపోతుంది.

తిరిగొచ్చేది ఎప్పుడు?

పోలికల్లో చాలామంది వదిలేసే అంశం ఇది. నా దృష్టిలో నిర్ణయం తిరిగే చోటు కూడా ఇదే. ఎక్స్‌రే ఆపగానే వస్తువులో ఏమీ మిగలదు. న్యూట్రాన్లు అలా కాదు. కొన్ని కేంద్రకాలు న్యూట్రాన్‌ను మింగి కొంతకాలం రేడియోధార్మికంగా మారతాయి. ఆ కొంతకాలం మూలకాన్ని బట్టి ఉంటుంది.

అల్యూమినియంలో పుట్టేది రెండు నిమిషాల చిల్లరకే సగమవుతుంది. రాగిలో ఎక్కువకాలం నిలిచేదానికి అర్ధాయువు 12.7 గంటలు. బంగారంలో 2.7 రోజులు. ఇంతవరకు ఫరవాలేదు. ఇత్తడిలోని జింకుతో వచ్చే జింక్ 65 సగం కావడానికి 244 రోజులు, వెండిలో వచ్చే సిల్వర్ 110ఎం కు సుమారు 250 రోజులు. కోబాల్ట్ 60కి అయిదేళ్ల పైనే. ఇమేజింగ్ పుంజం రియాక్టర్ గుండెలో ఉన్నంత తీవ్రంగా ఉండదు కాబట్టి పుట్టే మోతాదు సాధారణంగా చాలా తక్కువ, ఎక్కువ వస్తువులు గంటల్లోనో రోజుల్లోనో బయటికి వస్తాయి. కానీ వెండి పాలు ఎక్కువున్న వస్తువుకు, నీలి గాజు పూసల్లాగా కోబాల్ట్ ఉండే అవకాశం ఉన్నవాటికి ముందే లెక్క వేయించాలి. మీటరుతో కొలిచి, పరిమితి లోపలికి వచ్చాకే కేంద్రం వాళ్లు ఇస్తారు. తొందరపెట్టి లాభం లేదు, తొందరపెట్టకూడదు కూడా.

అందుకే పూజలో ఉన్న విగ్రహం విషయంలో నేను కచ్చితంగా వద్దంటాను. బ్రహ్మోత్సవానికి తిరిగిరాకపోతే? భక్తుల మనసుకు "రియాక్టర్‌కు పంపారు" అన్న మాట ఎలా తగులుతుంది? స్థపతిని, అర్చకులను, ధర్మకర్తలను కూర్చోబెట్టి మాట్లాడకుండా అడుగు వేయవద్దు. గ్రీసు దేశపు ఆంటికిథెరా యంత్రం చాలా పెళుసు వస్తువు. దాన్ని బయటికి తీసుకెళ్లలేక 2005లో టన్నుల బరువున్న ఎక్స్‌రే సీటీ మెషీన్‌నే ఏథెన్స్ మ్యూజియానికి మోసుకెళ్లారు. వస్తువు దగ్గరికి వెళ్లగలగడం ఎక్స్‌రేకు ఉన్న గొప్ప బలం. కదలకూడని వస్తువుకు అదే నిర్ణయాత్మకం కావాలి.

ఎక్కడికి, ఎలా

దేశంలో ఈ పనికి రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ముంబయి ట్రాంబేలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వారి ధ్రువ రియాక్టర్, 1985 నుంచి ఉన్నది, 100 మెగావాట్లు. అక్కడ ఇమేజింగ్‌కు ప్రత్యేక బీమ్‌లైన్ (పుంజం బయటికొచ్చే దారి, దాని ముందు పరికరాలు) ఉంది. రెండోది కల్పాక్కంలోని కామిని. 1996లో మొదలైంది, 30 కిలోవాట్లే, యురేనియం 233తో నడుస్తుంది. చిన్నదే అయినా న్యూట్రాన్ రేడియోగ్రఫీ దాని ముఖ్య పనుల్లో ఒకటి. వరంగల్‌లో రైలెక్కితే చెన్నై నేరుగా చేరతాం గానీ, వస్తువు చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తే లోపలికి పంపరు. ముందు దరఖాస్తు, భద్రతా అనుమతి తప్పనిసరి.

వ్యక్తిగా దరఖాస్తు చేయడం కంటే ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడితో కలిసి వెళ్లడం మంచి దారి. యూనివర్సిటీ పరిశోధకులకు ధ్రువలో పని చేసే అవకాశం యూజీసీ-డీఏఈ కన్సార్టియం ముంబయి కేంద్రం ద్వారా ఉంది. హనుమకొండలో ఎన్ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. మ్యూజియం వస్తువుకు పురావస్తు విద్యార్థి, మెటలర్జీ విద్యార్థి ఇద్దరూ కలిస్తే దరఖాస్తుకు బలం వస్తుంది. ప్రశ్న ఒకరిది, పదార్థ జ్ఞానం ఇంకొకరిది.

దరఖాస్తుకు ముందు మూడు పనులు ఇక్కడే పూర్తి చేయండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో (ఎక్స్‌రే వేసి ఏ మూలకాలున్నాయో చెప్పే చేతి పరికరం) పైభాగం మూలకాలు చూపించండి, వెండి, జింకు, కోబాల్ట్ సంగతి అక్కడ తేలుతుంది. పై పొర ఒక్కటే అది చూస్తుందని గుర్తుంచుకోండి, పూత ఉంటే మోసపోతారు. తర్వాత, ఎక్స్‌రే దాటలేని సీసపు ముద్ద లాంటిది కాకపోతే, మామూలు ఎక్స్‌రే ఒకటి తీయించండి. న్యూట్రాన్ బొమ్మ పక్కన అది లేకపోతే ఏది లోహం, ఏది కాదు అని చెప్పడం కష్టం. ఈ రెండు పద్ధతుల్లో ఒకటి గెలిచి, ఒకటి ఓడేది అరుదు. ఒకే వస్తువు మీద రెండూ ఉన్నప్పుడే అసలు అర్థం తెలుస్తుంది. మూడోది, వస్తువును పొడిగా ఉంచండి. నూనె, నెయ్యి, అభిషేకాల జిడ్డు, పసుపు, వానాకాలం తేమ, అన్నీ న్యూట్రాన్లకు లోపలి వస్తువుల్లాగే కనిపిస్తాయి. తుడవాలనుకుంటే కన్సర్వేటర్ (పాత వస్తువులను పరిరక్షించే నిపుణుడు) సలహాతోనే. చింతపండు పెట్టి తోమిన పాత ఇత్తడి చరిత్ర మళ్లీ రాదు.

ఇక ఉత్తరంలో వస్తువు కొలతలు, బరువు, అత్యంత మందమైన చోటు ఎంత, ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఫలితం, తీయించి ఉంటే ఎక్స్‌రే ఫిల్మ్, యజమాని లేదా శాఖ అనుమతి, వస్తువు ఏ తేదీలోగా తిరిగి కావాలో స్పష్టంగా రాయండి. అన్నిటికంటే పైన, మొదటి వాక్యంలో, మీరు దేనిలో ఏం వెతుకుతున్నారో ఒక్క ముక్కలో చెప్పండి. "పురాతన వస్తువు, లోపల చూడాలి" అని రాస్తే ఆ కాగితం పక్కకు పోతుంది. "సీసపు నాణేల ముద్ద, 5 సెంటీమీటర్ల మందం, నాణేల మధ్య తుప్పు పొరలు చూడాలి" అని రాస్తే అవతల కూర్చున్న శాస్త్రవేత్త వెంటనే లెక్క మొదలుపెడతాడు.